సన్న టైర్లతో మాట్లాడిన మామ

నా రాతలో తప్పులుంటే, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది. మా మామ, అంటే మా ఆయన తండ్రి, ఈ వానాకాలం మొదట్లో జనగామ దవాఖానలో చనిపోయారు. అప్పుడు నేను డోర్నకల్‌లో మా అమ్మ దగ్గర ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "బాపు పోయిండు. రైలెక్కు," అని మాత్రం అన్నాడు.

జనగామలో దిగి నర్మెట్ట వైపు ఆటోలో పోతుంటే ఒకటే ఆలోచన. ఇక ఆ ఇంట్లో నాతో మాట్లాడేదెవరు? నిజానికి మామ నాతో ఎన్నడూ మాట్లాడలేదు. మా అత్తింట్లో మామా కోడలూ ఎదురుపడి మాట్లాడుకోరు. ఆయన వస్తే నేను తలుపు చాటుకు జరగాలి. అత్త ఉంటే మాటలు అటూ ఇటూ చేరవేసేదేమో, ఆమె నా పెళ్లికి ముందే పోయింది. మా ఆయన జీపు తోలుతాడు. భూపాలపల్లి అడవి ఊళ్లకు అంగడి సామాను వేసుకుని పోతే వారం దాకా రాడు. ఇంట్లో మిగిలేది మామ, నేను, మధ్యలో తలుపు.

ఆ జీపు మొదట మామదే. గుండెనొప్పి వచ్చాక తోలడం మానేసినా, టైర్ల సంగతి మాత్రం ఆయనే చూసేవారు. దానికి రెండు రకాల టైర్లు. ఎండాకాలంలో ఇసుక వాగులు దాటడానికి వెడల్పువి, వానాకాలంలో అడవి బాటల బురదకు సన్నవి. జీపుకు ఎక్కించనివి ఇంటి ముందు రేకుల కింద ఉండేవి. మామ రోజూ అక్కడ పీట వేసుకుని, టైరు గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను మేకుతో తీస్తూ టైరుతో మాట్లాడేవారు. నేను తలుపు వెనక నుంచి వినేదాన్ని.

"ఇయ్యాల పప్పు మంచిగుంది," అనేవారు టైరుతో. "ఉప్పే జర ఎక్కువైంది."

పక్కింటి అవ్వ గోడ మీంచి తొంగి చూసేది. "ఏందిరా, నీ టైరు వంట నేర్చుకుంటుందా?"

"నేర్చుకుంటుంది అవ్వా. నీకంటె జల్దిగనే."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఆ నవ్వు ఆయనకు వినబడేదనే అనుకుంటాను.

వెడల్పువి ఎందుకు, సన్నవి ఎందుకు అని నేను అడగలేదు. అడగకుండానే ఒకనాడు చెప్పారు. "వెడల్పు టైరు బురద మీద తేలుతది. తేలితె జారుతది. బురదల బండి మునగాలె. మునిగితెనే కింద గట్టి నేల దొర్కుతది. ఇసుకల గట్ల కాదు. ఇసుకకు అడుగే లేదు. ఆడ వెడల్పుగ, పైపైన పోవాలె."

ఆ బాటలు నేనెప్పుడూ చూడలేదు. అయినా మరునాడు పొలం గట్టు మీద నడుస్తూ నా మడమ బురదలో దిగి, కింద గట్టిగా ఆగడం చూసుకున్నాను.

వాన మొదలైతే, "ఇగ మార్చాల్నా, ఇంకొన్ని దినాలు ఆగాల్నా?" అని టైరును అడిగేవారు. టైరును రిమ్ముకు ఎక్కించడానికి సబ్బు నీళ్లు కావాలి. నేను తల దించుకుని పోయి సబ్బు నీళ్ల గిన్నె సన్న టైరు పక్కన పెట్టి వచ్చేదాన్ని. "గదీ!" అనేవారు.

ఈసారి వానకు ముందు, అమ్మ యాదికొచ్చి పొయ్యి దగ్గర ఏడ్చాను. బయటి నుంచి మాట వినబడింది. "డోర్నకల్ పోయే రైలు పొద్దుగాల ఉంది. మనసు పరేషాన్ ఉన్నోళ్లు పోయి తల్లిని చూసి రావాలె. ఇల్లు నేను చూసుకుంట." నేను విన్న ఆయన మాటల్లో అదే ఆఖరిది.

కర్మకాండలు అయిపోయాయి. వానలు ముదిరాయి. జీపుకు ఇంకా వెడల్పు టైర్లే ఉన్నాయి. తెల్లారితే మా ఆయన ఒక్కడే సామానుతో అడవి బాట పట్టాలి. సన్న టైర్లు కొనేవాడు దొరికాడని, ఇక ఏడాదంతా వెడల్పువే ఉంచుతానని చెప్పాడు. "సన్నయి చూసి భూపాలపల్లిల దోస్తులు సైకిల్ వచ్చిందంటుండ్రు."

పెళ్లయినప్పటి నుంచి ఆయన మాటకు నేను ఎదురు చెప్పలేదు. ఆ బాటలో వాగు ఒడ్డున జీపు జారడం కళ్ల ముందు కనబడింది.

"సన్నయి అమ్మకు," అన్నాను. "బురదల వెడల్పువి తేల్తయి. జారుతవు."

"నీకెవరు చెప్పిండ్రు?"

"మామ."

"బాపు నీతోని ఎప్పుడు మాట్లాడిండు?"

రేకుల వైపు చూశాను. ఆయనా చూశాడు. "ఇంకేమనేటోడు?" అని మెల్లగా అడిగాడు.

చెప్పాను. పప్పులో ఉప్పు సంగతి కూడా చెప్పాను. గడప మీద కూర్చుని అంతా విన్నాడు, భుజం మీది తువాలతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత లేచి జాకీ తెచ్చాడు.

ఇప్పుడు రేకుల కింద వెడల్పు టైర్లున్నాయి. ఒకసారి వాటి దగ్గరికి పోయి ఏదైనా అందామనుకున్నాను. గాడిలో ఇరుక్కున్న ఒక రాయి తీసి వచ్చాను.

ఇది చదివాక ఈ కాగితాన్ని దయచేసి పొయ్యిలో వేయండి. కోడలు మామను ఇట్లా తలుచుకుంటుందని ఊళ్లో పదిమంది నోళ్లలో పడటం నాకు ఇష్టం లేదు.

మా ఆయన సామానుతో బయలుదేరిన పొద్దున వాన తెరిపిచ్చింది. వాకిట్లో జీపు పోయిన చోట రెండు సన్నటి చాళ్లు, లోతుగా, నిండా నీళ్లతో, దర్వాజ దాటి బాట మీదికి పోయాయి. చీపురు పట్టుకుని వాటి మధ్య నిలబడ్డాను. ఊడ్వబుద్ధి కాలేదు.