ఆపింది గూడెంలో, వేసింది మండవల్లిలో

ఉదయం ఆరూ నలభైకి ఏలూరులో ప్యాసింజర్ ఎక్కాను. తాడేపల్లిగూడెం వెళ్ళి, మండవల్లి దగ్గరున్న రిపీటర్‌ను అక్కణ్ణుంచి ఆపి చూపించాలి. పనిచేస్తున్నదాన్ని ఆపడానికి ఇంత పొద్దున్నే బయల్దేరడం నాకిదే మొదలు.

రిపీటరంటే చేతి రేడియోల నీరసపు గొంతును పట్టుకుని గట్టిగా తిరిగి పలికే పెట్టె. సరదాకి లైసెన్సు తెచ్చుకుని రేడియోలు నడిపే మా హామ్ రేడియో సంఘానికి గూడెంలో ఒకటి, మండవల్లి చేపల చెరువు గట్టున ఒకటి ఉన్నాయి. రెండూ కలిపితే, వానల్లో ఫోన్లు పోయినా కొల్లేటి నీటిమట్టం గూడెం దాకా వినిపిస్తుంది. కలపాలంటే అనుమతి కావాలి. బాధ్యుడు, అంటే నేను, దూరం నుంచి ఏ క్షణమైనా ఆపగలగాలన్నది షరతు. వాయుగుండం కబురొచ్చింది, ఫైలు ఐదింటికల్లా పైకి వెళ్ళాలి.

పక్క సీటు పెద్దాయన నా ఏంటెనా చూశారు. "చేపలు పట్టేదాండీ?"

"అనుమతులు పట్టేదండీ."

"ఏమైనా పడ్డాయా మరి?"

ఎనిమిదింటికి గూడెంలో, అనుమతి కోసం తనిఖీకి వచ్చిన అధికారి ముందు బటన్ నొక్కాను. మండవల్లి రిపీటర్ బుద్ధిగా ఆగింది. బటన్ పక్కన ఆరిన దీపాన్ని ఆయన ఫోటో తీసి, టిక్కు పెట్టి, "ఇప్పుడు వెయ్యండి" అన్నారు. నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఆజ్ఞలు వినే బోర్డుకు కరెంటు కూడా రిపీటర్ నుంచే ఇచ్చామని అప్పుడు గుర్తొచ్చింది. నిద్రపోయినవాణ్ణి లేపే పని నిద్రపోయినవాడికే అప్పగించాం.

"ఆపడమే రాసుందండీ. వెయ్యడం గురించి ఏమీ లేదు" అని ఆయన ఓదార్చారు.

తొమ్మిదిన్నరకి భీమవరం బస్సు. రోడ్డు గురించి చెప్పను, వెళితే మీ నడుమే చెబుతుంది. భోజనం భీమవరంలోనే కానిచ్చేయండి. అక్కడ రైలెక్కి, మండవల్లిలో ఆటో పట్టి, రెండింటికి చెరువు చేరాను.

చెరువు కాపలా వెంకటేశు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాడు. పెట్టె ముందే కూర్చున్నాడు.

"పొద్దుణ్ణుంచీ నీటిమట్టం చెప్పే దారి లేదండీ. ఎవరాపారండీ?"

"నేనే. ఆపగలనని చూపించడానికి."

తెల్లారి గాలాడక పైకి తేలిన చేపను చూసినట్టు చూశాడు.

"నువ్వే వెయ్యొచ్చుగా, వెంకటేశూ?"

పెట్టె మీది కాగితం చూపించాడు. 'బాధ్యుడు తప్ప ఎవరూ ముట్టరాదు.' "మీరే అంటించారండీ."

స్విచ్చి వేశాను. బోర్డుకు వేరే బ్యాటరీ కలిపాను. కాగితం చింపాను.

నాలుగింటికి ఏలూరు బస్సు ఎక్కేసరికి వాన దంచుతోంది. లంక ఊళ్ళు దాటుతుండగా అధికారి ఫోన్: "ఫోటోలో దీపం ఆరినట్టు లేదండీ. ఇంకొక్కసారి ఆపుతారా?"

అంతలో ఒళ్ళోని రేడియో పలికింది, వెంకటేశు: "నీళ్ళు తూము మూడో మెట్టు దాటాయండీ. గట్టు కింద ఇళ్ళవాళ్ళని బడికి తోలుతున్నాం. ముసలోళ్ళున్నారు, ట్రాక్టరు పంపండి." ఏలూరు నుంచి మా వాళ్ళు "పంపిస్తున్నాం" అన్నారు.

ఫోన్‌ను రేడియో దగ్గర పెట్టాను. వెంకటేశు ఇంకా ఇళ్ళ లెక్క చెబుతున్నాడు.

"ఆపకండి" అన్నారాయన.

"మరి ఫైలండీ?"

"దాన్ని రేపటిదాకా నేనాపుతానులెండి."

ఆ రోజు దూరం నుంచి సవ్యంగా ఆగింది అదొక్కటే.