గోడకానుకున్న ఆదర్శ గృహిణి

కొత్తచెరువు దగ్గర ఒక పల్లె. ఆ పల్లె చర్చిలో ఫ్యాను కింద, తలుపుకు ఎడమపక్క, గోడ కాస్త వెనక్కి వంగి ఉంటుంది. కట్టిన మేస్త్రీ తప్పు. ఆ తప్పుకు వీపు ఆనించి కూర్చునే హక్కును కృపాకుమారికి ఎవరూ రాసివ్వలేదు. గురువారం స్త్రీల కూడికకు అందరికంటే ముందు రావడం వల్ల అది ఆమెకు సంక్రమించింది. ముందు రావడాన్ని సంఘం భక్తి కింద జమ కట్టింది. ఆమె వచ్చేది నిద్రకు.

వారం మొత్తంలో ఆమె వీపు దేనికైనా ఆనే వేళ అదొక్కటే. పుట్టపర్తిలో ఒక లాడ్జిలో పక్కలు సర్దే పని ఆమెది. మనశ్శాంతి వెతుక్కుంటూ దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు నలిపి పోయిన దుప్పట్లను తీసి, ఉతికినవి పరిచి, మూలలు బిగించి, మళ్లీ ఇంకొకరు శాంతిగా నలుపుకోవడానికి సిద్ధం చేసేది. ఇంటికొస్తే కొళాయి దగ్గర బిందెలు. కొళాయి రాని రోజు ట్యాంకర్ దగ్గర అవే బిందెలు. అత్త సువార్తమ్మకు మోకాళ్లు ఆడవు, ఆ లోటు తెలియకుండా నోరు ఆడుతుంది. భర్త జయరాజు తాపీపని చేస్తాడు. మంచి మనిషి. కూర్చున్న చోటికి చెంబుతో నీళ్లు తెచ్చిస్తే తాగి, అలసిపోయావని భార్యను పరామర్శించేంత మంచివాడు. గురువారం లాడ్జిలో ఒంటిపూట పని. అందుకే గురువారం, అందుకే గోడ.

ఇలా ఉండగా సంఘానికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. ఆయన భార్య ప్రసూన ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చదివింది. ఆమె పెట్టెలో పాత నవలలు చాలా ఉన్నాయి, వినేవాళ్లే లేరు. స్త్రీల కూడిక ఆమె చేతికి రావడంతో ఆ కొరత తీరింది. ఒక పాదిరిగారి ఇల్లాలు సంసారాన్ని ఎలా నడిపిందో చెప్పే లావుపాటి నవల ఎంచుకుంది. అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి చదువుతూ, క్రైస్తవ గృహిణి నేర్చుకోవలసిన నీతిని అధ్యాయానికొకటి చొప్పున తీసేది.

ఆ దొరసాని ఇంట్లో దుప్పట్లకొక అల్మారా, గాజు సామానుకొక అల్మారా. ఏ వస్తువు చోటు దానిది. భర్త విసుక్కుంటే మెల్లగా బదులిచ్చేది. అనుకోని అతిథి వస్తే వేడి టీతో ఎదురొచ్చేది. నవలలో మాటిమాటికీ వాన కురిసేది. కూడికకు వచ్చే ఆడవాళ్లకు నీతులకంటే అదే రుచించింది.

"అమ్మగారూ, ఆ వానొచ్చేది ఇంగొకసారి చదవండమ్మా," అని చిన్నక్క అడిగేది. ఆమెకు చేనుంది, చేనులో వేరుశనగ ఉంది, పైన మబ్బు లేదు.

ప్రసూన గొంతు మెత్తన. ఫ్యాను గాలి, ఆ గొంతు, వంగిన గోడ కలిస్తే కృపాకుమారి రెండో పేజీ దాటేది కాదు. అయితే ఆమె పుట్టింది చర్చి పక్కన, పెరిగింది ప్రార్థనల్లో. ఎదుటి గొంతు ఆగితే "ఆమెన్" అనాలని ఆమె నోటికి తెలుసు. అందుకోసం మనిషి మేలుకోనక్కరలేదు. ప్రసూన నీతి చెప్పి ఊపిరి కోసం ఆగగానే గోడ దగ్గరనుంచి గంభీరంగా "ఆమెన్" వచ్చేది. తల కూడా ఊగేది. కళ్లు మూసుకునే ఉండేవి. అంత శ్రద్ధగా వినే మనిషిని ప్రసూన కాలేజీలో కూడా చూడలేదు.

దాంతో కొంప మునిగింది. ఒక గురువారం కూడిక ముగించే ముందు ప్రసూన లేచి నిలబడి, ఈ ఏడు ఆదర్శ గృహిణిగా కృపాకుమారిని ఎన్నుకున్నామనీ, వచ్చేవారం పాఠం ఆమె ఇంట్లోననీ, పాఠాలవల్ల కలిగిన మేలు గురించి ఆమె చెప్పే సాక్ష్యం బాగుంటే ఇకమీదట ప్రతి గురువారం అక్కడేననీ ప్రకటించింది. చప్పట్లు కొట్టారు. చప్పట్లకు కృపాకుమారి మేలుకుని, ఎందుకో తెలియక తానూ కొట్టింది.

విషయం తెలిశాక ఆమె ముఖం వాడిపోయింది. ఇంట్లో కూడిక పెడితే ఇంటామె కూర్చోదు. టీ కాచాలి, చాప పరచాలి, కప్పులు కడగాలి, మధ్యలో అత్తకు మాత్ర ఇవ్వాలి. గోడలు తన ఇంట్లోనూ ఉన్నాయి. ఆనుకునే మనిషే ఉండదు.

"ఏమే, గొప్పదానివైపోతివే," అంది సువార్తమ్మ మంచం మీదినుంచి. "నాకు తెలీక అడుగుతా, ఏమి జూసి ఇచ్చినారు నీకు?"

"నాకూ తెల్దు అత్తా. నిద్రబోతాంటి."

"అయితే నిద్రకే ఇచ్చింటారులే."

జయరాజు సంతోషించి, "నేనూ ఏమన్నా చేస్తా కదా," అని, గోడకు కొత్త క్యాలెండరు తగిలించి కూర్చున్నాడు.

గురువారం వచ్చింది. లాడ్జినుంచి నేరుగా వచ్చి కృపాకుమారి ఇల్లు ఊడ్చి, దాచుకున్న నీళ్లతో టీ కాచింది. ప్రసూన ఆ ఇంటి మంచం మీది దుప్పటి చూసి మైమరచిపోయింది. మూలలు కొలత పెట్టినట్టున్నాయి.

"చూసినారా? ఆ పుస్తకంలో దొరసాని మంచం ఇట్లే ఉంటుంది. కృపా, అందరికీ చెప్పు. ఇన్ని పాఠాల్లో నీ మనసును తాకింది ఏది?"

కృపాకుమారి కప్పుల పళ్లెంతో గుమ్మంలో నిలబడింది. చక్కగా ఏదో ఒకటి చెబితే ప్రతి గురువారం ఇదే గుమ్మం, ఇదే పళ్లెం. నిజం చెబితే పరువు పోతుంది, గోడ దక్కుతుంది. పరువుకు వీపు ఆనించుకోలేమని ఆమెకు తోచింది.

"నాకేమీ తెల్దమ్మా," అంది. "మీరు చదవతానే నాకు నిద్రొస్తాది."

ప్రసూన పుస్తకం ఒళ్లోకి దించింది.

"మరి ఆమెన్ అంటావు కదా?"

"అది నోరు అంటాదమ్మా. నాకు తెలిసి కాదు."

చిన్నక్క కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వు ఆగాక తీసింది. "నేనైతే వాన కోసరమే వస్తాండా అమ్మగారూ. నిజం చెప్పే రోజు వచ్చింది కాబట్టి చెప్తాండా."

"మొదటి వారం నుంచీ నిద్రేనా?" ప్రసూన గొంతు ఇంకా మెత్తబడింది.

"మొదటి వారమే బాగా పట్టిందమ్మా."

ప్రసూన పుస్తకం మూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయో, లేక నవ్వు వచ్చిందో చాప మీదివాళ్లకు అర్థం కాలేదు. మళ్లీ తెరిచి పేజీలు వెనక్కి తిప్పింది.

"దీంట్లో ఒకచోట ఆ దొరసాని, అతిథులంతా పోయినాక, కుర్చీలోనే నిద్రపోతుంది. నేనే వదిలేసినా. దాంట్లో నీతి ఏమీ లేదు కదా అని." తర్వాత చిన్నక్కతో, "ఆ పళ్లెం అందుకోక్కా," అంది.

చిన్నక్క పళ్లెం అందుకుంది. చేతులు ఖాళీ అయ్యేసరికి ఏం చేయాలో తోచక కృపాకుమారి గోడ వారగా కూర్చుంది. ప్రసూన ఆ నిద్రపోయే చోటు చదవసాగింది. గోడ నిట్టనిలువుగా ఉంది, అయినా సరిపోయింది.

పేజీ అయిపోవచ్చింది. ప్రసూన ఆగబోయింది.

"ఆపొద్దమ్మా," అని సువార్తమ్మ మంచం మీదినుంచి గుసగుసగా కసిరింది. "ఆపితే ఆమెన్ అంటాది, లేసి కూసుంటాది. వానదుంది కదా, అది చదువు."

ప్రసూన ఊపిరి తీసుకోకుండా వానలోకి దిగింది. బయట ఎండ కాస్తోంది. కప్పులు ఎవరో చప్పుడు కాకుండా కడిగారు.

మరుసటి గురువారం పాఠం మళ్లీ చర్చిలోనే. ఆదర్శ గృహిణి బిరుదు మాత్రం కృపాకుమారికే ఉండిపోయింది. ఇచ్చిన బిరుదు వెనక్కి తీసుకునే పద్ధతి సంఘంలో లేదు. చిన్నక్క ఆమె కుడిపక్క కూర్చుంటోంది, నిద్రలో అటు ఒరగకుండా.