చెయ్యని పనుల కాగితం

ఈ ఉదయం హోప్ టౌన్ షెడ్డులో ఉన్నవాళ్లం ముగ్గురం: నేను, పార్వతత్త, డ్రిల్లింగ్ మెషిను కొనడానికి వచ్చిన పడవల మేస్త్రి. ఆ మెషిను కాక ఉన్న వస్తువులు: బెంచి ఒకటి, దానికి బిగించిన, ఇనుప ముక్కలను కదలకుండా పట్టే వైసు, తుప్పు రాలగొట్టే సుత్తులు నాలుగు, రాగి గొట్టాల కట్ట, గ్రీజు డబ్బాలు ఏడు. సింహాచలం మామ పోయిన వానాకాలంలో చనిపోయాక అత్త ఈ షెడ్డు తలుపు తీయడం ఇదే మొదటిసారి. ఒక డబ్బా మూత తీశాను. గ్రీజులో ఆయన కలిపే కిరోసిన్ వాసన గుప్పున కొట్టింది. దుఃఖం రావలసిన చోట నాకు ముందు విసుగొచ్చింది. ఒకప్పుడు ఈ వాసన తగిలిన ప్రతి ఆదివారమూ నా పని ఇంకో వారం వెనక్కి వెళ్లేది.

మామ మాకు చుట్టం కాదు. నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో ఈ దీవులకు వచ్చారు. నాన్న బడిలో లెక్కల మాస్టారయ్యాడు, ఆయన పడవల వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. రిటైరయ్యాక ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని చేపల పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఆయన పనిచేసిన వర్క్‌షాపులోనే జూనియర్ ఇంజినీరుగా చేరిన ఏడాది ఆ కారు కొన్నాను. లంబాలైన్‌లో మా వీధి చివర, బదిలీ మీద వెళ్లిపోయిన ఒక ఆఫీసరు టార్పాలిన్ కప్పి వదిలేసిన స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, మడతపెట్టే పైకప్పు, నేలకు జానెడు ఎత్తు. మూడేళ్ల ఉప్పుగాలికి అడుగంతా తుప్పు పట్టిపోయింది. ఆఫీసరు దాన్ని పాత స్కూటరు ధరకు ఇచ్చేశాడు.

నాన్న ఒక షరతు పెట్టాడు. కారు రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండడానికి ఏడు నెలలుంది. ఆ తేదీలోపు తనిఖీలో పాసై రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. లేకపోతే మర్నాడే తుక్కు కొనేవాణ్ణి పిలుస్తాడు. నేను ఒప్పుకున్నాను. వారాలవారీగా అరవై రెండు పనుల పట్టిక గీసి గోడకు అతికించాను. అయిన పనికల్లా టిక్కు పెట్టేవాణ్ణి. నాన్న రోజూ దాని ముందు నిలబడి చూసి బడికి వెళ్లేవాడు. అంతకుముందు నేను విప్పిన రేడియో, మిక్సీ, ఆయన సైకిలు ఏ స్థితిలో ఉన్నాయో ఆయనకు తెలుసు.

వెల్డింగు నాకు రాదు. అందుకే రెండో నెలలో కారును నెట్టుకుంటూ వాహనాల ఫెర్రీ ఎక్కించి, అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో ఉన్న మామ షెడ్డుకు చేర్చాను. అప్పటికే కారు లోపలి అడుగు రేకుకు పుట్టీ పెట్టి, పెయింటు వేసి, నునుపుగా తీర్చిదిద్దాను. అది చూసి మెచ్చుకుంటాడని అనుకున్నాను. ఆయన సుత్తి తీసుకుని అంగుళం అంగుళం తడుతూ పోయాడు. టంగుమన్న చోట వదిలేశాడు. డబ్‌మన్న చోట ఇంకొక్క దెబ్బ వేశాడు. సుత్తి కిందికి దిగిపోయింది.

“ఏం చేస్తున్నావు మామా, అది అయిపోయింది.”

“అయిపోనేదు బాబూ. కప్పెట్టీసినావు.”

ఆ పూట ముగిసేసరికి నా నున్నటి పెయింటులో పదిహేడు బొక్కలున్నాయి. ప్రతిదాని చుట్టూ సుద్దతో సున్నా చుట్టి, అరిగిపోయిన చెప్పుకు అతుకులు వేసినంత తీరికగా రేకు ముక్కలు కోయడం మొదలుపెట్టాడు. నేను ఇంటికి వెళ్లి పట్టికలో తొమ్మిది టిక్కులు చెరిపేశాను.

తర్వాతి నాలుగు నెలలూ ఇదే వరస. నేను బిగించింది ఆయన విప్పేవాడు. మాన్యువల్లో ఉన్న కొలత చెబితే, ఆ మాన్యువల్ రాసినోడు ఇక్కడ వానలో ఎన్నాళ్లున్నాడని అడిగేవాడు. అన్నిటికన్నా జింకు దిమ్మల వ్యవహారం నన్ను పిచ్చెక్కించింది. ఓడల అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. సముద్రపు నీళ్లు ఇనుము జోలికి పోకుండా ముందు జింకును తింటాయి. అలాంటివే నాలుగు కారు కింద బిగిస్తానన్నాడు. కారు నీళ్లలో మునిగి ఉండదనీ, నీళ్లు లేనిదే ఆ రసాయన చర్య జరగదనీ బొమ్మ గీసి మరీ గంటసేపు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. టీ తెప్పించాడు. మరుసటి ఆదివారం వెళ్లేసరికి నాలుగూ బిగించి ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండు కిలోలు.

గడువుకు పది రోజులుందనగా ఒక్కటే లోటు మిగిలింది: వెనక చక్రాలకు వెళ్లే బ్రేకు పైపు. చెన్నై నుంచి తెప్పిస్తున్న పైపు, వాతావరణం బాగోక ఓడ కదలకపోవడంతో అక్కడే ఆగిపోయింది. మామ పడవ ఇంజనుకు వాడే రాగి గొట్టాన్ని వంచి అచ్చం అలాంటిదే చేశాడు. నేను దానికి ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షించాను. చుక్క కారలేదు. నల్ల రంగు వేశాక కారు కింద పడుకుని చూసినా తేడా తెలియలేదు. పట్టికలో అరవై రెండో టిక్కు పెట్టాను.

తనిఖీకి ముందురోజు మామ నన్ను కాగితం తీసి రాయమన్నాడు. పడవను అప్పగించేటప్పుడు ఏమేం బాగుచేశాడో ఆయన ఎన్నడూ చెప్పేవాడు కాదట. ఏం చెయ్యలేదో రాయించి ఆ కాగితం పడవ నడిపే సరంగు చేతిలో పెట్టేవాడట. ఇప్పుడూ అలాగే చెప్పుకుపోయాడు, నేను ఇంగ్లీషులో రాశాను. ఒకటి, కుడి తలుపు రబ్బరు పాతదే. రెండు, వెనక బ్రేకు పైపు పడవది, కారుది కాదు. మూడు, జింకు దిమ్మలు నాలుగు ఉన్నాయి, పనిచెయ్యవని ఇంజినీరు బాబు అంటున్నాడు. అలా ఆరు. మడిచి జేబులో పెట్టుకున్నాను. అది అక్కడే ఉండిపోతుందని నా నమ్మకం.

కానీ తెల్లారేసరికి మామ ఉతికిన చొక్కా వేసుకుని నాతోపాటు ఫెర్రీ ఎక్కాడు. రవాణా ఆఫీసులో ఇన్‌స్పెక్టరు కారు చుట్టూ తిరిగి, దీపాలు చూసి, బ్రేకు నొక్కించి, కాగితాల మీద సంతకం పెట్టబోతున్నాడు. మామ నా జేబులోంచి కాగితం లాగి, “సాబ్, ఇవి అవ్వనేదు” అని అందించాడు. ఇన్‌స్పెక్టరు చదివాడు. మూడోదాని దగ్గర నవ్వాడు. తిరిగి రెండోదాని మీద వేలు పెట్టాడు.

“యే పైప్ నహీ చలేగా. నయా లగాకే లావో.”

“ఠీక్ హై సాబ్” అన్నాడు మామ, తనకు రావలసిందేదో వచ్చినట్టు.

ఆయన చెప్పినట్టు ఈ పైపు తీసేసి కొత్తది వేసి తెచ్చేసరికి గడువు దాటిపోతుంది. కారుతో మళ్లీ షెడ్డుకు వెళ్లే ఫెర్రీ కదిలాక అరిచాను. ఆ పైపు గట్టిదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఎవరూ అడగలేదు. ఎవరికీ కనబడలేదు. ఏడు నెలల పని తుక్కులోకి పోతుంది. నేను ఆగాక ఆయన ఆ కాగితాన్ని తిరిగి నా జేబులో పెట్టాడు.

“సరంగుకి అయిన పనులెందుకు బాబూ? అయినవి ఆడ్ని ముంచవు. అవ్వనియే ఆడికి తెలియాల.”

“అది కారు మామా. పడవ కాదు.”

“నువ్వు కూకుంటావు కదా అందులో” అన్నాడు.

ఇంటికి వచ్చి కాగితం నాన్న ముందు పడేశాను. గడువు తీరగానే తుక్కువాణ్ణి పిలుచుకోమన్నాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“ఇందులో ఉన్నవి తప్పించి మిగతావన్నీ అయినట్టేనా?”

“అయినట్టే.”

“నిజంగా?”

“మామ చూశాడు.”

కాగితం మడిచి నాకు తిరిగి ఇచ్చాడు. “అయితే పైపు వచ్చేదాకా ఉండనీ” అన్నాడు. గోడ మీది అరవై రెండు టిక్కుల కేసి చూడనైనా లేదు.

ఓడ మూడు వారాలకు వచ్చింది. ఆలస్యానికి దరఖాస్తు పెట్టి, కొత్త పైపుతో, అయిదు అంశాల కాగితంతో మళ్లీ వెళ్లాం. ఇన్‌స్పెక్టరు ముందు కాగితం అడిగి తీసుకున్నాడు, తర్వాతే కారు చూశాడు. పాసైంది. విప్పిన రాగి పైపును వర్క్‌షాపుకు తీసుకెళ్లి, పగిలేదాకా వదలకూడదన్న పంతంతో ఒత్తిడి పెంచుతూ పోయాను. పైపుకు బదులు, ఒత్తిడి పెట్టే నా పంపు సీలే పోయింది. ఆ సంగతి చెబితే మామ, పైపు బాగుందని తానెప్పుడు కాదన్నానని అడిగాడు.

ఆయన వల్ల నాకు అంటుకున్నది ఆఫీసులో ఎవరికీ ఇష్టం లేని అలవాటు. పడవ అప్పగించేటప్పుడు చెయ్యనివాటి కాగితం నేనే రాసి సరంగు చేతికిస్తాను. అడగనిదే ఎందుకు చెబుతావని మా పై ఇంజినీరు నెలకోసారైనా కోప్పడతాడు. రెండుసార్లు సంజాయిషీ అడిగారు. మానేద్దామని కూడా అనుకున్నాను. కానీ ఇప్పుడు సరంగులు ఇంజను గదిలోకి దిగకముందే నా ముందు చెయ్యి చాపుతున్నారు. కాగితం ఇవ్వకపోతే పడవ తీసేది లేదంటున్నారు.

నిన్న సాయంత్రం ఒక ఫెర్రీని అప్పగించాను. చెయ్యనివి పదకొండు.