జుంటీగల గృహప్రవేశం

మా చిన్నప్పుడు చేపల వేట నిషేధం రోజుల్లో అంతర్వేది కాలవ గట్టు మీద పడవలన్నీ ఒడ్డెక్కి పడుకునేవి... మా నాన్న పడవ మీద కొబ్బరాకుల పందిరి ఉండేది. ఆ నీడలో మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, మధ్యమధ్యలో కునుకు తీస్తూ కాలం గడిపేవాళ్ళు. కునుకే ఎక్కువ.

ఒక ఏడు ఆ నీడలోకి జుంటీగలనే చిన్న తేనెటీగలు కూడా వచ్చి చేరాయి. లోతు లేని చోట పడవని తోసుకెళ్ళడానికి వెదురు గెడ ఉంటుంది కదా... పడవకి అడ్డంగా పెట్టిన ఆ గెడకి పట్టు పెట్టాయి. అరచేయంత పట్టు. గోడా లేదు, తొర్రా లేదు... ఈగలే దుప్పటిలా దాన్ని కప్పుకుని ఉండేవి. మేం దగ్గరికెళ్ళి చూసినా ఏమీ అనేవి కావు. మొదట్లో అందరికీ ముచ్చటగానే ఉంది.

నిషేధం అయిపోయే రోజు దగ్గరపడ్డాక ఆ ముచ్చట కాస్తా తీరిపోయింది. మొదటిరోజు తెల్లారేసరికి పడవ నీళ్ళలో ఉండాలి. లేకపోతే కూడా వచ్చే కళాసీలు వేరే పడవ ఎక్కేస్తారు. ఎక్కితే ఆ ఏడాదంతా అక్కడే. మనుషుల్లేని పడవ ఒడ్డున ఎండిపోవాల్సిందే... మా ఇంటికి ఉన్నది ఆ ఒక్క పడవే.

"కొబ్బరి పీచు పొగెట్టేద్దాం బావా... ఎంతసేపు పని?" అన్నాడు సత్తిబాబు మావయ్య. అమ్మ తమ్ముడు. నాన్నతో కలిసి వేటకెళ్ళేవాడు.

నాన్నని కన్న మా మామ్మ ఒప్పుకోలేదు. "గూడు చెరిపిన చేత్తో వల ఇసురుతార్రా? గంగమ్మ తల్లి ఊరుకుంటదా?"

మామ్మకి ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. గెడతో సహా తీసుకెళ్ళి మా పెరట్లో జామచెట్టు కొమ్మల మధ్య పెడదాం అన్నాడు నాన్న. సరేనంది కానీ, ఇల్లు మారుతున్నప్పుడు మంచి ఘడియ చూడాలంది! ఎవరి ఇల్లయితే ఏంటి, ఇల్లు ఇల్లే కదా... నన్ను వెంటేసుకుని పంతులుగారి దగ్గరికి బయల్దేరింది.

"గృహప్రవేశమా అమ్మా?" అని అడిగారాయన.

"ఆయ్... అలాంటిదేనండి."

"ఎవరి పేరు మీద చూడమంటారు?"

"పేర్లు తెలీవండి. శానా మందున్నారు."

ఆయన కళ్ళజోడు మీంచి మామ్మని ఒకసారి చూసి, ఏమనుకున్నారో ఏమో, మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక దివ్యంగా ఉందన్నారు. పడవ నీళ్ళలోకి దిగాల్సింది ఆ మర్నాటి తెల్లవారుజామున.

కొంప మునిగింది అక్కడే. తొమ్మిది దాటాక అంటే సగం ఈగలు మేతకి పోయి ఉంటాయి. ముహూర్తం చూసుకున్నాం కానీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఎవరం చూసుకోలేదు. నాన్న, మావయ్య చెరో చివరా పట్టుకుని గెడని మెల్లగా మోశారు. ముందు మామ్మ పసుపునీళ్ళు చల్లుకుంటూ నడిచింది. జామచెట్టు దగ్గర హారతి కూడా ఇచ్చింది.

కాసేపటికి మేతకెళ్ళినవి తిరిగొచ్చాయి... పందిరి కింద గెడ లేదు, పట్టు లేదు. పడవ చుట్టూ ఒకటే రొద. అప్పటిదాకా ఎవరినీ ఏమీ అనని ఈగలు, వలలు ఎక్కించడానికి వచ్చిన కళాసీలిద్దరినీ కుట్టేశాయి.

"మేం వేటకొచ్చేమా, తేనె యాపారానికొచ్చేమా?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, వాచిన బుగ్గ పట్టుకుని. మధ్యాహ్నానికల్లా ఇద్దరూ వేరే పడవకి మాటిచ్చేశారు.

"ఇప్పుడైనా పొగెట్టేద్దాం బావా. ఆళ్ళని బతిమాలి తీసుకొత్తాను," అన్నాడు మావయ్య.

నాన్న వద్దన్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి, గెడని మళ్ళీ తెచ్చి పడవ మీద ఉన్నచోటే పెట్టించాడు. "ఎనక్కి తెచ్చేదానికి ముహూర్తం అక్కర్లేదులే," అంది మామ్మ, ఎవరూ అడక్కపోయినా. పొద్దు వాలేసరికి ఈగలన్నీ ఒక్కొక్కటే పట్టు మీదకి చేరిపోయాయి. అప్పుడు నాన్న, మావయ్య, అమ్మ కలిసి వలలు ఎక్కించారు. నాన్న మొహంలో అంత దిగులు నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఈగలు లేవకముందే మామ్మ తన పాత నేతచీర ఒకటి పట్టు మీద కప్పింది. నాన్న, మావయ్య ఇద్దరే పడవని నీళ్ళలోకి నెట్టేసరికి తక్కిన పడవలన్నీ కనుచూపు మేర దాటిపోయాయి. దారిలో, కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర మడచెట్ల కొమ్మల్లో ఆ గెడ ఆనించి, చీర తీసేసి వెళ్ళారట. ఈగలు మళ్ళీ రాలేదు. కళాసీలూ రాలేదు. ఆ ఏడు మా వేట అంతంత మాత్రమే. ఊళ్ళో పడవ నడిపేవాణ్ణి సరంగు అంటారు; నాన్నకి మాత్రం 'తేనె సరంగు' అని పేరు స్థిరపడిపోయింది.

ఇప్పుడు తమ్ముడిది ఫైబర్ బోటు, ఇంజిను బోటు. పందిరి బదులు నీలం ప్లాస్టిక్ పట్టా కప్పుతాడు. ఈ ఏడు నిషేధంలో నేను ఊరెళ్ళినప్పుడు చూశాను... ఆ పట్టా కింద జుంటీగల పట్టు. బోటు నీళ్ళలోకి దిగే ముందురోజు వాడు బొద్దింకల మందు డబ్బా తెచ్చి కొట్టాడు. రెండు నిమిషాల పని. చచ్చిన ఈగల్ని చీపురుతో ఊడ్చి కాలవలో పోశాడు. మర్నాడు గట్టు మీద అందరికన్నా ముందు కదిలింది వాడి బోటే.

మా తమ్ముడు చెడ్డవాడు కాదండి. నా మొహం చూసి వాడే అడిగాడు.

"డీజిల్ కొట్టించేశాను, ఐసెక్కించేశాను... కుర్రోళ్ళు ఆగరక్కా. నువ్వైతే ఏం జేసేదానివి?"

ఇంటికొచ్చి ఇన్ని రోజులైనా ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను... మీరైతే ఏం చేసేవాళ్ళండి?