నాగుల్ మీరా కోసిన అంచులు

బందరు ఇనుగుదురుపేటలో నాగుల్ మీరా ఎవరంటే చాలామంది తెలియదనేవారు. బైండింగు సాయిబు అంటే మాత్రం పాలమనిషి కూడా ఇల్లు చూపించేది. వకీళ్ల పుస్తకాలూ, బడుల హాజరుపట్టీలూ, కొట్ల చిట్టాలూ ఏళ్ల తరబడి అతని చేతుల్లోనే అట్టలు కట్టించుకున్నాయి. తెలుగు చక్కగా చదవగలడు గాని చదవడు. చదవటం మొదలుపెడితే పని సాగదని చిన్నప్పుడే తండ్రి చెవి మెలిపెట్టి చెప్పాడు. దారం, మైదా జిగురు, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం, ఇవే అతని లోకం. అన్నిటికన్నా ముఖ్యం అంచు. కుట్టిన పుస్తకాన్ని బిగించి మూడు వైపులా కోశాక బొటనవేలు దానిమీద నడిపి చూసుకునేవాడు. వేలికి ఎక్కడైనా తగిలిందా, ఆ పూట అన్నం సహించదు. పుస్తకాలకి చేసే క్షవరంలో సగం మీరూ చేయించుకుంటే మనిషిలా కనపడతారని భార్య జైతూన్ బీ దెప్పేది.

ఉప్పెన వచ్చిన ఏడు, దివిసీమలో శవాల లెక్క ఇంకా తేలకముందే, తడిసిన భూమి రికార్డులు లారీ ఎక్కి బందరు వచ్చాయి. మనుషులు నడిచి వస్తున్న రోజుల్లో కాగితాలకి లారీ దొరికింది. వాటిని ఒక కచేరీ వసారాలో దింపి, రికార్డుల గుమాస్తా రాధాకృష్ణమూర్తి మీరాకి కబురు పెట్టాడు.

మీరా ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు. కాగితంలో ఉప్పు మిగిలితే ఎప్పటికీ చెమ్మ లాగుతూనే ఉంటుందని ఒక్కొక్క పేజీనీ ముందు మంచినీళ్లలో ముంచాడు. పురికొసలు కట్టి ఆరేశాడు. మడతల్లోంచి ఇసుక రాలింది, చేప పొలుసులు రాలాయి. ఒకసారి ఎవరిదో పొడుగాటి తలవెంట్రుక వచ్చింది. దాన్ని తీసి పక్కన పెట్టాడే గాని ఆ పేజీలో ఏముందో చదవలేదు.

ఆరిన కాగితాల అంచులు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. కుట్టి ఇమ్మని రాధాకృష్ణమూర్తి చెప్పాడు. కోయమనలేదు, వద్దనీ అనలేదు. అడగాలని మీరాకి తోచనూ లేదు. కోయని పుస్తకం అతని దృష్టిలో పుస్తకమే కాదు. అంచుల్లో అక్కడక్కడా ఏవో అడ్డం రాతలు కనిపించాయి. కొట్ల పుస్తకాల అంచుల్లో ఉండేవి కూడికలు, వకీళ్ల పుస్తకాల్లో ఉండేవి విసుగు పుట్టి గీసిన బొమ్మలు. ఇవీ అలాంటివే అనుకున్నాడు. భూమి చేతులు మారినప్పుడు, గడిలో చోటు లేకపోతే, కరణాలు కొత్త పేరు అంచులోనే రాసి పొట్టి సంతకం పెడతారు. అది కచేరీలో బంట్రోతుకి కూడా తెలుసు. మీరాకి చెప్పిన వాళ్లు లేరు. వేలెడు వెడల్పున కోసేశాడు. కోసిన ముక్కల్ని పారెయ్యటం అతని ఇంటావంటా లేదు. వాటినే పొరలు పొరలుగా అతికించి ఆ పుస్తకాలకే అట్టలు చేశాడు.

పెద్ద అధికారి వచ్చి చూశాడు. పుస్తకాలు పెళ్లికొడుకుల్లా ఉన్నాయని మెచ్చుకుని, రికార్డు సమస్తం భద్రంగా ఉందని సంతకం పెట్టాడు. వాటిని పెట్టిన గదికి తాళం పడింది. ఆ తర్వాత పేజీ నకలు కావాలంటే అర్జీ పెట్టాలి, అర్జీ మీద ఊరి కరణం సంతకం ఉండాలి. కరణం ఉప్పెనలో పోయిన ఊళ్లవాళ్లు ఏం చెయ్యాలో ఎవరూ రాసి పెట్టలేదు.

భాగ్యమ్మది అలాంటి ఊరే. భర్త వేంకటేశ్వర్లు ఉప్పెనలో పోయాడు. వెంకటాద్రి అనే మోతుబరి ఉన్నాడు, అతని తండ్రి దగ్గర భర్త తెల్లకాగితం మీద కొన్న ఎకరం ఒక్కటే ఆమెకి మిగిలింది. ఆ తెల్లకాగితం పెట్టెతో సహా సముద్రంలో కలిసింది. అమ్మిన ముసలాయనా పోయాడు. ఇసుక మేటలు తీసి నేల బాగుచేసుకునేసరికి వెంకటాద్రి వచ్చి, ఇది మా నాన్నదని అరక దింపాడు. ఏడాదికి పైగా తిరిగితే ఆమె చేతికి నకలు వచ్చింది. అందులో వెంకటాద్రి తండ్రి పేరే ఉంది.

ఆమె కచేరీ వసారాలో కూలబడింది. పక్కనే కూర్చుని ఏవో ఫైళ్లు కుడుతున్న మీరాతో, ఎవరో ఒకరికి చెప్పుకోవాలన్నట్టు అంది.

"నా ఎదురుగానే రాశారు సాయిబుగారూ. గడిలో చోటు లేదని కరణంగారు పుస్తకం అడ్డంగా తిప్పి మరీ రాశారు."

మీరా చేతిలో సూది ఆగిపోయింది.

అతను లేచి తిన్నగా రాధాకృష్ణమూర్తి దగ్గరికి వెళ్లాడు. ఆ పుస్తకం ఇప్పించమనీ, అట్ట విప్పితే ఆమె ముక్క దొరకొచ్చనీ అడిగాడు.

"ఏ ముక్క?"

"నేను కోసిన ముక్కండీ."

రాధాకృష్ణమూర్తి గొంతు తగ్గించాడు. "నువ్వేం కొయ్యలేదు మీరా. అంతా భద్రంగా ఉందని అయ్యగారి సంతకం ఉంది, దాని కింద నాదుంది. నువ్వు కోశానంటే మేమిద్దరం అబద్ధాలకోర్లం అవుతాం. వెళ్లి కుట్టుకో."

మీరా వెళ్లలేదు. నకలు తీసిన పుస్తకం ఇంకా బల్లమీదే ఉంది. దాన్ని చంకన పెట్టుకుని వసారాలోకి వచ్చి, అట్టని నీళ్లతో తడిపి, తన పనిని తనే పొరలు పొరలుగా ఊడదీశాడు. మొదటిసారిగా చదవటం మొదలుపెట్టాడు. ఎవరెవరి పేర్లో బయటపడ్డాయి. వాటి మధ్య ఒక ముక్క మీద 'కొనుగోలు మీదట వేంకటేశ్వర్లు పేర మార్చడమైనది' అని ఉంది. పేజీ పక్కన ఆనిస్తే, పేజీలో సగం తెగిన అక్షరానికి ముక్కలో మిగతా సగం అతుక్కుంది. భాగ్యమ్మకి చదువు రాదు. అతను వేలు పెట్టి చూపిస్తే భర్త పేరు ఉన్నచోట తడిమింది.

ఈలోగా అధికారి వచ్చాడు. సర్కారు రికార్డు చింపినందుకు పోలీసుల్ని పిలుస్తానన్నాడు. అక్షరం అతుకుతోంది చూడండని మీరా బతిమాలాడు. ఆయన చూశాడు, చూసినట్టు మొహంలో తెలిసింది కూడా.

"అట్టలో ఉండేది అట్టే. రికార్డు కాదు," అన్నాడు.

ముక్కని కవర్లో పెట్టి అదే గదిలో తాళం వేశారు. దానికి నకలు ఇమ్మని భాగ్యమ్మ అర్జీ పెట్టబోతే పేజీ నంబరు అడిగారు. ముక్కకి నంబరు లేదు. మీరాకి కచేరీ మెట్లెక్కవద్దని చెప్పి, చిరిగిన పుస్తకాన్ని కుట్టమని ఇంకెవరికో ఇచ్చారు.

ఆషాఢంలో మీరా బస్సెక్కి భాగ్యమ్మ ఊరు వెళ్లాడు. పెద్దమనుషుల ముందు తన తప్పంతా చెప్పాడు. వెంకటాద్రి ఓపిగ్గా విన్నాడు.

"పుస్తకం బాగా కుట్టావంట సాయిబూ. మా నాన్న పేరు ఎంత బాగా కనపడుతోందో," అన్నాడు. నవ్వని పెద్దమనిషి లేడు.

భాగ్యమ్మ అతన్ని బస్సుదాకా సాగనంపింది. దారి ఆ ఎకరం గట్టు మీదుగానే. వెంకటాద్రి మనుషులు నారు పంచుతున్నారు. కూలి ఆడవాళ్లు ఆమెని రమ్మని కేకేశారు.

"మీరు ఆ అట్ట విప్పకుండా ఉంటే బాగుండేది సాయిబుగారూ," అంది ఆమె. "ఆ రోజు రాశారో, రాశారని నేనే భ్రమపడ్డానో అనుకుంటూ ఎలాగో నాట్లేసేదాన్ని. ఇప్పుడు ఉందని తెలిసి దిగాలి."

కుచ్చిళ్లు ఎగదోపి గట్టు దిగింది. నారుకట్ట అందుకుని వరసలో తన చోట వంగింది.