తమ్ముడు చూపించిన జపాన్ కుస్తీలు

మొన్న ఆదివారం బట్టలు మడతపెడుతూ ఫోన్‌లో జపాన్ కుస్తీ ఒకటి పెట్టుకున్నాను. పసుపు కోసం వచ్చిన ఎదురింటావిడ తెరమీది భారీ మనుషులను చూసి, “అరవై దగ్గరపడ్డాక ఇదేం సరదా అండీ మీకు?” అని నవ్వింది. జవాబు చెప్పాలంటే ఆవిడను కూర్చోబెట్టి టీ పెట్టాల్సి వచ్చింది. ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతాను.

కరోనా వచ్చిన మొదటి ఏడాది సంగతి. మేము అప్పుడూ ఈ గల్ఫ్ నగరంలో, ఇంటర్నేషనల్ సిటీలోనే ఉన్నాం. మావారు అబుదాబి దగ్గరి ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్ చూస్తూ, వారమంతా అక్కడి కంపెనీ వసతిలో ఉండి సెలవురోజుకు ఇంటికి వచ్చేవారు. అబుదాబి దారి మూసేసరికి అక్కడే చిక్కుకుపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇక్కడే ఏసీ మెకానిక్‌గా పనిచేసే మా తమ్ముడు సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడ్డాడు. “ముదీర్ పిలిచి ఖలాస్, ఇంక పని లేదు పొమ్మన్నాడక్కా. ఫ్లైట్లు తెరిచేదాకా నీ దగ్గరే ఉంటాను” అన్నాడు. ముదీర్ అంటే ఇక్కడి మాటలో మేనేజరు.

వాడు చిన్నప్పటినుంచీ గలగలా మాట్లాడే మనిషి. అలాంటివాడు హాల్లో ఒక మూల గోడకానుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని రోజంతా ఫోన్ చూస్తూ ఉండిపోయాడు. ఏం చూస్తున్నాడోనన్న కుతూహలం ఆపుకోలేక వంకాయలు తరుగుతూనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎవరో జపాన్ వస్తాదులు. ఇదంతా ముందే అనుకుని ఆడేది కదా అన్నాను. “అనుకున్నదే అక్కా. గానీ పడ్డవాడి నడుం నిజంగానే నెప్పెడద్ది” అన్నాడు. వారం తర్వాత వాడు మొదటిసారి నవ్వడం అప్పుడే.

మర్నాటినుంచి ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వాడే నిర్ణయించేవాడు. పేరుమోసిన గంటసేపటి ఆటలు ముందే చూస్తే విసుగు పుడుతుందని, ముందుగా నెరిసిన జుట్టు పెద్దాయనకూ ఒక కుర్రవాడికీ జరిగిన చిన్న ఆట పెట్టాడు. పెద్దాయన మొదటినుంచీ ఆ కుర్రవాడి ఎడమ చేతినే పట్టుకుని మెలిపెడుతూ ఉంటాడు. చివర్లో ప్రత్యర్థిని ఎత్తి పడేయాల్సిన క్షణాన కుర్రవాడికి ఆ చెయ్యే లేవదు. అంతసేపు ఎందుకు మెలిపెట్టాడో అప్పుడు అర్థమై, తరిగే కత్తి పక్కన పెట్టేశాను. ఆ తర్వాత, ఏళ్ళ తరబడి జట్టుగా ఆడిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకరితో ఒకరు తలపడిన ఆట చూపించాడు. గెలిచినామె ఓడినామెను లేపి వీపు నిమురుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ పైన, అందరూ అందరితో ఆడే వేసవి పోటీలు చూశాం. ఎవరికెన్ని పాయింట్లో ఫ్రిజ్ మీది కేలండర్ వెనక రాసుకున్నది నేనే!

అన్నిటికన్నా వాడికి ప్రాణం మాత్రం ఒకే ఒక వస్తాదు కథ. ఛాంపియన్‌కిచ్చే బెల్టు కోసం పోటీకి దిగి, ఓడి, మళ్ళీ ఏడాదికి వచ్చి, మళ్ళీ ఓడే మనిషి. ఓడిపోయిన ఆటలు ఒక్కటీ దాటేయకుండా వరసగా చూస్తేనే గెలుపు తెలుస్తుందని వాడి పట్టుదల.

ఆ రోజుల్లోనే నా కంట ఒకటి పడింది. రోజూ సాయంత్రం నాలుగింటికి తమ్ముడు కంపెనీ యూనిఫాం చొక్కా తొడుక్కుని, బాల్కనీలో ఏసీ పెట్టె ముందు నిలబడి భార్యతో వీడియోలో మాట్లాడేవాడు. పనిలోనే ఉన్నానని చెబుతున్నాడన్నమాట. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాలుగో ఓటమి చూసిన రోజు ఉండబట్టలేక అడిగేశాను. “ఇన్నిసార్లు ఓడి ఇంటికెళ్ళాక, వాళ్ళావిడకు ఏం చెబుతాడ్రా?”

వాడు తెర ఆపేశాడు. ఆ సాయంత్రం బనీనుతోనే ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మరదలి మాట వంటింట్లోకి స్పష్టంగా వినిపించింది. “నాకెప్పుడో తెలుసండీ. ఏసీ పనికెళ్ళే మనిషి చొక్కా ఇస్త్రీ మడత నెలరోజులుగా నలగలేదు. మీ అంతట మీరు చెబుతారని చూస్తున్నా. ముందు ఇంటికి రండి.” వాడు బాల్కనీలోనే కూలబడి ఏడ్చాడు. నేను వెళ్ళలేదు. వెళ్ళకూడదనిపించింది.

తర్వాత నెలకు విమానంలో సీటు దొరికింది. ఆ వస్తాదు చివరికి గెలిచిన ఆట చూడకుండానే వాడు వెళ్ళిపోయాడు. దాన్ని ఇద్దరం కలిసి చూద్దామనుకుంటూ వాయిదా వేసుకున్నాం. వాడు వెళ్ళిన మర్నాడు ఒక్కదాన్నే కూర్చుని చూశాను. బెల్టు చేతికొచ్చాక ఆ మనిషి పైకెత్తి చూపించలేదు, గుండెకు హత్తుకుని అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆ ఏడాది కొత్తగా జరిగిన ఆటల్లో మాస్కులు కట్టుకున్న జనం అరవకూడదని ఉత్త చప్పట్లే కొట్టేవారు. మా ఇంట్లోనూ ఆ నిశ్శబ్దమే ఉండేది కాబట్టి కాబోలు, నాకు అవి ఇంకా దగ్గరగా అనిపించాయి.

మావారు తిరిగొచ్చారు. ఇప్పుడు ఇక్కడి రోడ్ల మీద మళ్ళీ మునుపటి రద్దీయే. తమ్ముడు కాకినాడలో సొంతంగా ఏసీల పని చూసుకుంటున్నాడు, ఎండాకాలమైతే ఫోన్ ఎత్తే తీరిక కూడా ఉండదు. కుస్తీల ఊసెత్తితే నవ్వేసి పిల్లల చదువుల్లోకి వెళ్ళిపోతాడు. అది మంచికే, నాకు తెలుసు. ఫోన్ మాత్రం అడగకుండానే రోజుకు పది ఆటలు నా ముందు పోస్తుంది. అన్నీ బాగానే ఉంటాయి. పక్కన కూర్చుని, “ఆగక్కా, తల తిప్పకు, ఇప్పుడే చూడాలి” అని మోచేత్తో పొడిచే మనిషే లేడు.