ముప్పై అడుగుల వాలు

మొన్న పోలింగు రోజున, నాచారంలో నేను 2003 నుంచి పదకొండేళ్లు లెక్కలు చెప్పిన ప్రభుత్వ పాఠశాలకే ఓటు వేయడానికి వెళ్లాను. వరండాకు ఐదు మెట్లు. వాటిని చూసి నా మోకాళ్లు ఆగిపోతే, వరుసలో ఉన్న ఒకమ్మాయి "అమ్మమ్మా, పక్కకు ర్యాంపుంది సూడు, గట్ల పో" అంది. ఆ ర్యాంపు దారి నాకే చూపిస్తోందే ఈ పిల్ల అని నవ్వుకుంటూ ఇనుప కమ్మీ పట్టుకున్నాను.

2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చినప్పుడు మా టీచర్లలో చాలామందిమి దాన్ని మరో కాగితమనే అనుకున్నాం. కొన్నాళ్లకు బడికొక ఫారం వచ్చింది. ప్రతి పిల్లా అడ్డంకి లేకుండా లోపలికి రాగలదా అని అందులో ఒక గడి. టేపు పట్టడం తెలిసినదాన్నని ఆ గడి నాకు అప్పగించారు.

అప్పట్లో ఆరో తరగతిలో పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడిన పిల్ల ఒకతె ఉండేది. నల్లగొండ వైపు నుంచి వచ్చి దారం మిల్లులో చేరిన తల్లి, ఆ పిల్లను చక్రాల కుర్చీలో మెట్ల దాకా తోసుకొచ్చి, చంకనెత్తుకుని వరండా ఎక్కించి, దిగి కుర్చీని మోసి, మిల్లు హాజరు వేళకు పరుగెత్తేది. ఒకరోజు నా దగ్గర నిలబడి, "టీచరమ్మా, గీ యాడాదితోని బడి బందు జేపిస్త. పిల్ల బరువైంది, నా నడుము పోతున్నది" అంది. పిల్ల తలెత్తలేదు.

నేను కొలిచాను. వరండా ఎత్తు ముప్పై అంగుళాలు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవుంటేనే పిల్ల కుర్చీని సొంతంగా ఎక్కించుకోగలదు, అంటే ముప్పై అడుగులు. ప్రహరీ దాకా ఉన్నది ఇరవై. కట్టడానికి పిలిచిన మేస్త్రీ ఎనిమిది అడుగుల్లో లేపేస్తానంటే, అది ర్యాంపు కాదు నాయనా, జారుడుబల్ల అన్నాను. మరోసారి కొలిచి, లెక్క తప్పలేదని తేల్చుకుని, గడిలో స్థలం చాలదని రాసేశాను.

వరండాలోంచి ఇదంతా చూస్తున్న ఆ పిల్ల అంది: "సక్కగనే పోవాల్నా టీచర్? మా బస్తీల మేడమెట్లు సగంల మర్లి వస్తయి గద!"

పదిహేను అడుగులు పోవడం, మలుపుకు ఐదడుగుల చదును, మళ్లీ పదిహేను వెనక్కి. ఇరవైలో సరిగ్గా ఇమిడింది. నా లెక్క తప్పు కాదు, నేను ఆగిన చోటు తప్పు. ఫారంలో కొట్టివేత ఎరుగనిదాన్ని, స్థలం చాలదన్న ఆ మాటను అడ్డంగా కొట్టేశాను.

దసరా సెలవుల్లో మేస్త్రీ ఆ ర్యాంపు కట్టాడు. సెలవుల తర్వాత, బడంతా చూస్తుండగా, ఆ పిల్ల తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ బయలుదేరింది. మలుపులో ఊపిరి తీసుకుంది. పైకి చేరింది. కింద తల్లి మాత్రం ఎత్తుకోవడానికి చాచిన చేతులు దించడం మరచిపోయి అట్లాగే నిలబడిపోయింది.

తెలంగాణ వచ్చిన జూన్‌లో ఆ పిల్ల ఆ వాలు మీదుగానే పదో తరగతికి వెళ్లింది. ఆ ఏడాదే నేను రిటైరయ్యాను.

మొన్న ఆ మలుపులోనే నాకూ ఆయాసం వచ్చింది. సిమెంటు అక్కడక్కడా పెచ్చులూడింది. ఇది ఎవరి కోసం కట్టారో ఇప్పుడెవరూ అడగరు, బడితోపాటే పుట్టిందనుకుంటారు. ఐదు అడుగుల ఆ చదును మీద కాసేపు నిలబడి, మిగిలిన పదిహేనూ ఎక్కాను.